మలుపు దాటిన సైకిలు

మా భిలాయి ప్లాంటులో మనిషిని నొప్పించడానికి తిట్టు అక్కర్లేదు. లైట్ డ్యూటీ అన్న మాట చాలు. కరిగిన ఇనుము కాలువల్లో పారే చోట, బ్లాస్ట్ ఫర్నేసు ముందు ఏళ్ళ తరబడి నిలబడ్డ మనిషిని తీసుకెళ్ళి స్టోర్సు కిటికీ వెనక కూర్చోబెడతారు. చేతి తొడుగులు పంచాలి, సబ్బు బిళ్ళలు పంచాలి. జీతం తగ్గదు. కుర్చీ ఇస్తారు, నెత్తి మీద ఫ్యాను తిరుగుతుంది. బయటివాళ్ళకి అది అదృష్టంలాగే కనిపిస్తుంది. ఫర్నేసు మనుషులకి మాత్రం ఆ కిటికీ వెనక ఉన్నవాడు సగం మనిషి. వాడితో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గిస్తారు, రోగి మంచం పక్కన మాట్లాడినట్టు.

తొంభైల మధ్యలో ఒక వేసవికి ముందు ఆ మాట నా మీదికి వచ్చింది. అప్పటికి నాకు యాభై నిండలేదు. ఫర్నేసు నుంచి ఇనుము వదులుతున్న ఒక మధ్యాహ్నం నాకు కళ్ళు తిరిగాయి. పడిపోలేదు. రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను, అంతే. ఎవరో చూశారు, ఎవరో చెప్పారు. ప్లాంటు డాక్టరు నా రక్తపోటు చూశాడు, కనురెప్ప కిందికి లాగి చూశాడు, నాలుక చూశాడు. నా మొహం చూడలేదు. "వేడి ఇక నీకు పడదు" అని నాతో కాదు, పక్కన నిలబడ్డ నర్సుతో హిందీలో అన్నాడు. నా ఒంటి గురించి నాకు చెప్పవలసిన మాట ఇంకొకరికి చెప్పినందుకు నాకు ఇప్పటికీ మంటే. ఆయన వైద్యం తప్పని నేను అనను. ఆ చెప్పిన తీరు తప్పు.

డాక్టరు మాట మీద చివరి సంతకం మా సెక్షను ఇంజనీరుది. ఆయన తెలుగువాడే, కృష్ణ ఒడ్డు మనిషి, నాకంటే పదిహేనేళ్ళు చిన్న. చదువుకున్నవాడు, పనిలో చురుకు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మా శ్రీకాకుళం మాట చెవిన పడితే ఆయన పెదవి ఒక పక్కకి లేచేది.

నేను ఆయన గదికి వెళ్ళి, "నాకేటయింది సార్? ఓ పూట కళ్ళు తిరిగితే మనిషి పనికిరాకుండా పోతాడేటి?" అన్నాను.

"ఏటి కాదయ్యా, ఏమిటి. ఇన్నేళ్ళొచ్చాయి, ఇంకా మాట రాలేదు నీకు."

గదిలో ఉన్న ఇద్దరు జూనియర్లు నవ్వారు. నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా పొట్లాం కాగితాల మీద, మా తెలుగు సంఘం గదిలోని బీరువాలో. ఎన్ని చదివినా మా అమ్మ నోట విన్న మాట నా నోట్లోంచి పోలేదు, పోనివ్వలేదు కూడా. ఆయన 'మి' ఒకటి ఎక్కువ పలుకుతాడని నేను నా మాట మార్చుకోవాలా? కానీ అడగడానికి వెళ్ళినవాణ్ణి. గోడ వైపు చూశాను.

ఆయన వెనక గోడకి ఒక పోస్టరు అంటించి ఉంది. వాళ్ళ క్లబ్బువాళ్ళు పెడుతున్న పోటీ. ఆ క్లబ్బు ఇప్పుడు లేదు, పేరు చెప్పి ప్రయోజనమూ లేదు. ఈదాలి, సైకిలు తొక్కాలి, పరుగెత్తాలి, మూడూ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఆగకుండా. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, పెన్నుతో ఆ పోస్టరు మీద తట్టాడు.

"ఇది పూర్తి చెయ్యి. ఏప్రిల్ ఎండలో. మధ్యాహ్నం పన్నెండు లోపు ఆ గీత దాటావంటే డాక్టరు దగ్గరికి నేనే వస్తాను. వేడి పడనివాడు ఇదంతా ఎలా చేశాడండీ అని నేనే అడుగుతాను."

జూనియర్లు మళ్ళీ నవ్వారు. నేను నవ్వలేదు.

"మాటేనా సార్?"

ఆయన ఒక్క క్షణం నా మొహం చూశాడు. "మాటే" అన్నాడు.

ఎగతాళికి అన్నాడని నాకు తెలుసు. కానీ నలుగురిలో అన్నాడు. నలుగురిలో అన్న మాట పట్టుకుని నిలబడటం తప్ప నాలాంటివాడికి ఇంకో దారి ఏముంది?

ట్రయాథ్లాన్ అన్న ఆ పోటీ పేరు మా సంఘం బీరువాలో ఉన్న ఏ నిఘంటువులోనూ దొరకలేదు. మా క్వార్టర్లున్న సెక్టర్ 7లో అందరూ దాన్ని 'ట్రయల్' చేసిపడేశారు. ఫలానావాడు ట్రయల్‌కి వెళ్తున్నాడట అని కూరగాయల బండి దగ్గర చెప్పుకున్నారు. ఆ మాట మా ఆవిడ చెవిని పడింది.

"ట్రయల్ అంటన్నారు. మరి అసలుది ఎప్పుడేటి?"

"ఇదే అసలుది."

"అసలుదే ఇంత తిక్కగుంటే, ఇంక ట్రయల్ ఎలగుండీదో." తర్వాత చాలాసేపు బియ్యం ఏరుతూ కూర్చుంది. తలెత్తకుండానే, "కిటికీ ఎనక కూకుంటే నీకేటి నట్టం? రోజూ సాయంత్రం మనిషివై ఇంటికొస్తావు" అంది. నేను సైకిలు తీసుకుని బయటికి వెళ్ళాను. జవాబు నా దగ్గర లేదని కాదు. ఆ జవాబు ఇంట్లో చెప్పేది కాదు.

నాకు తోడు నిలబడ్డవాడు ఒక్కడే. మా పక్క క్వార్టరువాడు, మా గ్యాంగువాడు. మా ఊళ్ళకి మధ్య వంశధార ఒక్కటే అడ్డం. ఇద్దరం కుర్రతనంలో ఒకే రైలుకి భిలాయి దిగాం. నన్ను బావా అంటాడు, నేను వాణ్ణి ఒరే అంటాను, చుట్టరికం ఏమీ లేదు. డ్యూటీ దిగాక నేను సైకిలు తొక్కుతుంటే వాడు వెనక కేరియరు మీద కూర్చునేవాడు, బరువుంటే కాళ్ళు గట్టిపడతాయని.

"ఒరే బావా, నీ పిక్కలు సూస్తే కొంగకి కూడా జాలేస్తాది."

"దిగరా ముందు. కొంగ మీద ఏనుగెక్కి కూర్చుంది."

"ఏనుగే కదా, దిగమంటే దిగుతాదా?" అని వాడు ఇంకాస్త కుదురుగా కూర్చునేవాడు.

నా సైకిలు పాలవాళ్ళు వాడే నల్ల బండి. బరువు. బ్రేకు పడితే ఊరంతా వినిపిస్తుంది. దానికి వాడే నూనె పెట్టాడు, చైను బిగించాడు, బస్తాలు కట్టే కొక్కేలు విప్పేసి బరువు తగ్గించానని మురిసిపోయాడు. పోటీ రోజున దారిలో నిలబడి మనుషుల్ని మళ్ళించడానికి క్లబ్బువాళ్ళు ప్లాంటు మనుషుల్ని అడిగితే, వాడు సెలవు రోజు వదులుకుని పేరిచ్చాడు. సైకిలు తిరగాల్సిన చోటే నన్ను పెట్టండని అడిగి మరీ పెట్టించుకున్నాడు. "అక్కడికొచ్చేసరికి నీ పనయిపోద్ది బావా. మనవోడు ఒకడుండాలి" అన్నాడు.

ప్లాంటుకి నీళ్ళిచ్చే పెద్ద చెరువులో ఈత. గట్టెక్కి సైకిలు. నెహ్రూ నగర్ దగ్గర పెద్ద రోడ్డెక్కి రాయపూర్ వైపు వెళ్ళాలి, కుమ్హారి అనే ఊరికి బాగా ఇవతల ఒక పెట్రోలు బంకు దగ్గర వెనక్కి తిరగాలి, తిరిగొచ్చి సెక్టర్ 7 మైదానంలో సైకిలు వదిలేసి, చుట్టుపక్కల రోడ్ల మీద పరుగెత్తి మళ్ళీ ఆ మైదానంలోనే గీత దాటాలి. ఇదీ పోటీ.

తెల్లారకుండా మొదలవుతుందన్నారు. చీకటుండగానే గట్టు మీద నిలబడ్డాం. ముఖ్య అతిథి రాలేదు. సూర్యుడు వచ్చాడు, ముఖ్య అతిథి రాలేదు. మాకు అరటిపండ్లిచ్చారు, తిన్నాం. కుర్చీల వరసకి గుడ్డలు కప్పారు. ఎనిమిది దాటాక తెల్ల కారు వచ్చింది. దండ వేశారు. ఆయన ఆరోగ్యమే మహాభాగ్యం అన్న సంగతి మీద మాట్లాడాడు. శామియానా నీడలో నిలబడి, ఎండలో నిలబడ్డవాళ్ళకి, ఆరోగ్యం గురించి. ఒంటి మీద బనీనూ చెడ్డీ తప్ప ఏమీ లేకుండా అరికాళ్ళు మార్చి మార్చి వేస్తూ విన్నాం మేం. అంతసేపు ఆలస్యమైంది కదా, ఆ పన్నెండు గంటల గడువు కూడా అంత పొడిగించరా అని ఎవరో ఒక బెంగాలీ కుర్రాడు అడిగాడు. భోజనాలు పన్నెండున్నరకి చెప్పామన్నారు నిర్వాహకులు. భోజనం చల్లారుతుందని మనుషుల్ని మాడ్చారు. ఈ మాట ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒత్తి ఒత్తి రాస్తున్నాను.

ఈత నాకు కష్టం కాలేదు. వరదలో వంశధార దాటినవాడికి కదలని చెరువు ఏం చేస్తుంది? స్విమ్మింగ్ పూల్లో నేర్చిన ఆఫీసర్లు అడుగున నేల కనపడక బెదిరిపోయారు. నేను ముందు వరసలో గట్టెక్కాను. ఆ కాసేపే ఆ రోజు మొత్తంలో నాకు సుఖం. తడి బట్ట మీద గాలి తగిలింది, ముందు నలుగురైదుగురు తప్ప ఎవరూ లేరు, ఇంజనీరు శామియానా కిందనుంచి లేచి నిలబడి చూస్తున్నాడు.

తర్వాత సైకిలు. నెహ్రూ నగర్ చేరేలోపే గేర్ల సైకిళ్ళు సర్రున నన్ను దాటిపోయాయి. తడి బట్ట పెద్ద రోడ్డెక్కేసరికే ఎండిపోయింది, ఆ తర్వాత చెమటతో తడిసింది, ఆ తర్వాత అదీ ఎండి ఉప్పు కట్టింది. తారు మెత్తబడి చక్రానికి అంటుకుంటోంది. లారీ దాటినప్పుడల్లా వేడి గాలి ఒక గోడలా వచ్చి తగిలేది, వెనక దుమ్ము. ఫర్నేసు వేడి నాకు తెలుసు. అది ఒక పక్కనుంచి వస్తుంది. వెనక్కి తిరిగితే వీపుకి చల్లన. నాలుగడుగులు పక్కకి వెళ్తే నీడ. ఈ వేడికి పక్కలు లేవు. కిందనుంచి కూడా వస్తోంది.

కూడలి కూడలికీ క్లబ్బు మనుషులు ఎర్ర జెండాలు పట్టుకుని నిలబడ్డారు. "ఆగే చలో, ఆగే! చాచా, ఆగే, ఆగే!" అందరిదీ ఒకటే కేక, ముందుకి పో అని. మొదట్లో చెయ్యెత్తి జవాబిచ్చేవాణ్ణి. తర్వాత తలెత్తే ఓపిక పోయింది. ముందు చక్రం చూస్తూ తొక్కాను. చెవిలో మాత్రం ఆ మాట ఆగకుండా తిరుగుతోంది. ఆగే అంటే కాలు కిందికి, మళ్ళీ ఆగే అంటే రెండో కాలు కిందికి. ఎదురుగా తిరిగి వచ్చే సైకిళ్ళు ఒక్కొక్కటీ పోయాయి. కాసేపటికి అవీ లేవు. రోడ్డు మీద లారీలూ నేనూ మిగిలాం.

అలా పోతుండగా ఎడమ పక్కనుంచి మళ్ళీ అదే కేక వినపడింది. ఈసారి గొంతు నాకు తెలిసిన గొంతు. మావాడే. "ఆగే బావా! ఆగే! ఆగే!" అని గొంతు చించుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. అందరూ వాళ్ళ వాళ్ళ కోసం అరుస్తుంటే నా కోసం అరిచినవాడు వాడొక్కడే. లేని బలం తెచ్చుకుని లేచి నిలబడి తొక్కాను. వాడు నా వెనక పరుగెత్తి వస్తున్నట్టు చెప్పుల చప్పుడు కూడా వినిపించింది. "ఆగే! ఒరే, ఆగే!" నేను వెనక్కి చూడకుండా చెయ్యెత్తి ఊపాను. చూశాను, విన్నాను, సంతోషం అని. చప్పుడు వెనకబడింది.

మలుపు ఇంకా రాలేదే అనుకుంటూ తొక్కాను. మావాడు మలుపు దగ్గర ఉంటానన్నాడు కదా అన్న ఆలోచన రావలసింది. రాలేదు. వాడు నా కోసం ఇవతలికి నడిచి వచ్చాడనుకున్నాను. ఎండ మనిషికి అనుకూలమైన ఆలోచనలే మిగులుస్తుంది. ఇళ్ళు దగ్గరపడ్డాయి. ఒక బస్సు ఆగి ఉంది. బుట్టలో పుచ్చకాయ ముక్కలమ్ముతున్న ముసలామె నన్ను చూసి, "కహాఁ జాథస్ కకా? అబ్బడ్ ఘామ్ హే!" అంది, ఇంత ఎండలో ఎక్కడికి పోతున్నావని. ఇది ఏ ఊరని అడిగాను. ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, కుమ్హారి అంది.

కుమ్హారి. మలుపు దాటి ఒక ఊరంత దూరం వచ్చేశాను.

అక్కడ సైకిలు దిగి ఉంటే మళ్ళీ ఎక్కేవాణ్ణి కాదు. దిగకుండానే తిప్పాను. ఆమె ఒక ముక్క చేతిలో పెట్టబోయింది, తీసుకోలేదు. తీసుకోవలసింది. ఆ పొగరు నాకు ఆ రోజు ఏమీ పెట్టలేదు.

తిరిగి వస్తుంటే గాలి ఎదురు. బంకు దూరంగా కనపడింది. మలుపుకి గుర్తుగా సున్నం కొట్టిన డ్రమ్ము ఒకటి పెట్టారట. దానికి అడ్డంగా ఒక లారీ ఆగి ఉంది, డ్రైవరు దాని కిందే నిద్రపోతున్నాడు. బోర్డు లేదు. జెండా లేదు. రోడ్డుకి అడ్డంగా ఒక తాడు కూడా లేదు. అందరికంటే ముఖ్యమైన చోట ఒకే ఒక్క మనిషిని దింపి క్లబ్బు జీపు వెళ్ళిపోయింది. ఆ మనిషి ఇప్పుడు రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో గొడుగు, రెండో చేతిలో స్టీలు క్యాను. నన్ను చూసి లేచాడు.

"ఎటెల్లిపోనావు బావా? ఆగెయ్ ఆగెయ్ అని అరిసినాను కదేటి! గొంతు పోనాది."

వాడన్నది ఆగే కాదు. ఆగెయ్. మా వైపు మాట. ఆగిపో అని.

"ఆగే అన్నావనుకున్నాన్రా."

వాడి నోరు తెరుచుకుంది. ఇంకెప్పుడైనా అయితే ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. "మరి సెయ్యెత్తినావు?" అన్నాడు మెల్లగా.

"సంతోషం అని ఎత్తాన్రా."

ఫర్నేసు దగ్గర మేం నోటితో చెప్పం. క్రేనుకి గానీ మనిషికి గానీ అన్నీ చేత్తోనే. అరచెయ్యి అడ్డంగా పెడితే ఆగు, వేళ్ళు మడిచి లాగితే ముందుకి. అక్కడ ఒకడు తెలుగు, ఒకడు బీహారీ, ఒకడు ఇక్కడివాడు. ఒకడి ఆగు ఇంకొకడికి ముందుకి పో అని మా పెద్దవాళ్ళు ఎప్పుడో తెలుసుకుని పెట్టిన పద్ధతి అది. మావాడికి నిద్రలో కూడా ఆ చెయ్యి లేస్తుంది. ఆ రోజు లేవలేదు. ఒక చెయ్యి గొడుగుకి, ఒక చెయ్యి నా కోసం తెచ్చిన మజ్జిగకి పోయాయి. లేచినా, తలొంచుకున్న నాకు కనపడేది కాదేమో.

మజ్జిగ తాగాను. వేడెక్కి పులిసిపోయింది. వాడు నా నెత్తి మీద గొడుగు పట్టాడు. "ఇంకేటి, జీపెక్కీ. వచ్చినప్పుడు ఎల్లిపోదాం" అన్నాడు. నేను సైకిలెక్కాను. ఈసారి వాడు ఏమీ అరవలేదు.

సెక్టర్ 7 మైదానానికి చేరేసరికి గడువుకి ఇంకా కాస్త ఉందని ఎవరో చెప్పారు. పరుగు మొత్తం మిగిలే ఉంది. మోకాళ్ళు తిన్నగా రాలేదు, సైకిలు మీద ఎలా వంగి ఉన్నాయో అలాగే ఉండిపోయాయి. మొదటి రోడ్డు చివర వాంతి అయింది. క్వార్టర్ల గుమ్మాల్లోంచి కూలర్ల చప్పుడు, కూర పోపు వాసన. మా ఇంటి ముందునుంచే పోవాలి. మా ఆవిడ గేటు దగ్గర బకెట్టుతో నిలబడి ఉంది. నేను దాటుతుంటే నీళ్ళు నా మీద కుమ్మరించింది, అంత గట్టిగా కుమ్మరించింది, కొట్టినట్టు. చుట్టు తిరిగి రెండోసారి వచ్చేసరికి మళ్ళీ నిండిన బకెట్టుతో అక్కడే ఉంది. ఈసారి కొంచెం నడిచాను. ఆ తర్వాత నడకే ఎక్కువ. పరుగని దాన్ని అనలేను.

మైదానంలోకి వచ్చేసరికి పన్నెండు ఎప్పుడో దాటింది, అక్కడ వేసిన శామియానా దించుతున్నారు. టెంటువాళ్ళు కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి పేరుస్తున్నారు. గీత గీసిన సున్నం మీద లారీ చక్రాల గుర్తులు. నేను ఆ గీత దాటాను. దాటేటప్పుడు కుర్చీలు మోస్తున్నవాడొకడు, "దాదా, సైడ్" అన్నాడు. పక్కకి తప్పుకున్నాను.

రెండు రోజులు మూత్రం టీ రంగులో పోయింది. మూడో రోజు ఇంజనీరు గదికి వెళ్ళాను. మావాడు కూడా వెంట వచ్చాడు, రావద్దన్నా వచ్చాడు. జరిగింది చెప్పాను. గడువు దాటింది నిజమే గానీ, అందరికంటే ఎక్కువ దూరం తొక్కాను, ఆగకుండా పూర్తి చేశాను, వేడి పడనివాడైతే కుమ్హారి నుంచి తిరిగి వచ్చేవాడా అని అడిగాను.

ఆయన ముందు నవ్వాడు. ఆగే, ఆగెయ్ అని రెండుసార్లు తనలో తను అనుకుని చూశాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. ఆ నవ్వు ఆపడమే నన్ను భయపెట్టింది.

"ఎండలో నీకు ఆగు అంటే ముందుకి అని వినపడింది. రోడ్డు కాబట్టి కుమ్హారి పోయావు. ఫర్నేసు ముందయితే ఎక్కడికి పోయేవాడివి? నీతో ఎంతమందిని తీసుకుపోయేవాడివి?"

"అక్కడ సేత్తో సెప్తాం సార్, నోటితో కాదు."

"తలొంచుకున్నవాడికి చెయ్యి కనపడుతుందా?"

చదువుకున్నవాళ్ళతో వాదించడం కోసం నేను జీవితమంతా పుస్తకాలు నమిలాను. ఆ ఒక్క ప్రశ్నకి ఏ పుస్తకమూ అక్కరకి రాలేదు.

మావాడు ముందుకి జరిగాడు. "తప్పు ఆడిది గాదు సార్. నాను తెలుగులో అరిసినాను. రుకో అని అరిస్తే ఆగీవోడు."

"మరి అలాగే అరవాల్సింది. అక్కడ అందరితోనూ హిందీలోనే కదా మాట్లాడావు?"

"అందరితోనూ హిందీలోనే సార్." వాడు నేల చూశాడు. "ఈడు మావోడు కదా."

ఇంజనీరు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను, చెయ్యలేదు. ఆ పూటకి ఆయన మా మాట దిద్దలేదు కూడా. దిద్ది ఉంటే నాకు కోపమైనా మిగిలేది. నా లైట్ డ్యూటీ కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆ ప్రశ్నని నేను ఈనాటికీ వదల్లేదు. మలుపు దగ్గర ఒక బోర్డు పెట్టనివాళ్ళని ఎవరూ అడగలేదు. తెల్లారకుండా మొదలవ్వాల్సినదాన్ని ఎండెక్కాక మొదలెట్టినవాళ్ళని ఎవరూ అడగలేదు. రక్తపోటున్నవాణ్ణి ఎగతాళికి ఎండలోకి పంపినవాణ్ణీ ఎవరూ అడగలేదు. అందరి తప్పులూ పోయి చివరికి నా చెవి ఒక్కటే దోషి అయింది. ఇది అన్యాయం, ఇప్పుడు కూడా అన్యాయమే అంటాను. కానీ ఇది చెప్పుకున్న ప్రతిసారీ ఆ ప్రశ్న మాత్రం అక్కడే ఉంటుంది. చెయ్యి కనపడేది కాదు. అది నిజం.

మే నెలలో స్టోర్సు కిటికీ వెనక కూర్చున్నాను. ఫ్యాను కింద నాకు చలేసేది. బయట పిట్టలు రాలిపోయే ఎండ, నాకు మాత్రం వేళ్ళు చల్లబడేవి. పాతికేళ్ళ వేడికి అలవాటు పడ్డ ఒళ్ళు కదా. స్వెటరు తెచ్చుకుందామంటే నవ్వుతారని తెచ్చుకోలేదు.

మొదటి వారంలోనే మావాడు చేతి తొడుగుల కోసం వచ్చాడు. వాడి వెనక ఇంకెవరూ లేరు. నేను లోపలికి వెళ్ళి, గుట్టలో అడుగునుంచి కుట్టు గట్టిగా ఉన్న జత వెతికి తెచ్చాను. కిటికీలోంచి ఇస్తే తీసుకున్నాడు గానీ వెళ్ళలేదు.

"నా మీద కోపమేటి బావా?"

"నీ మీద కాదురా."

"మరెవుల మీద?"

చెప్పడానికి నా దగ్గర చాలా పేర్లున్నాయి. డాక్టరు, ఇంజనీరు, ముఖ్య అతిథి, బోర్డు పెట్టనివాళ్ళు. వాడు నిలబడి ఎదురుచూశాడు. వాడు నాతో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడని నాకు అప్పుడు తెలిసింది. మిగతావాళ్ళందరూ తగ్గించారు, పట్టించుకోలేదు. వీడు కూడా.

"తొడుగులు సరిపోయాయా చూసుకో" అన్నాను.

వాడు వేసుకుని చూశాడు. సరిపోయాయని తలూపాడు. షెడ్డులో ఇనుము వదిలే వేళయినట్టుంది, రేకుల మీద ఎర్రటి వెలుగు లేచింది. వాడు అటు తిరిగి, ఒక్కసారి నా వైపు చూసి, వెళ్ళాలి అన్నట్టు మొహం పెట్టాడు. వెళ్ళమన్నాను.